హీరోలను చూసి మాట నేర్చుకున్న ఆరు నెలలు

మూడో సంబంధం 2024 ఆగస్టు 18 నాడు ఎనుకకు పోయింది. పెళ్లిళ్ల పేరయ్య ఫోన్ల చెప్పిన కారణం ఇది: "పోరడు మంచోడే, నౌకరి మంచిదే. గని పిల్లతోటి పది నిమిషాలు కూసొని, ఎండలు బాగ కొడుతున్నయ్ అన్న ముచ్చట తప్ప ఇంకోటి తియ్యలేదట." శ్రావణమాసంల ఎండల ముచ్చట! నాకు తెలిసినంతల ఆడోళ్లతోటి ఇబ్బంది లేకుండ, అందంగ మాట్లాడే మగోళ్లు తెరమీదనే ఉన్నరు. వాళ్ల దగ్గరనే నేర్చుకుందామని సెప్టెంబర్ 1న మొదలుపెట్టిన. మార్చి దాక నడిచింది. ఏది అబ్బింది, ఏది బెడిసికొట్టింది, ఎన్ని పైసలు పోయినయ్, అన్నీ రాస్తున్న. నా లెక్క మొదలుపెట్టేటోళ్లకు మొదటి నెల అన్నా మిగులుతది.

ఆ మొదటి నెలల మొదటి తప్పు ఆన్‌లైన్ కోర్సు. 1,999 రూపాయలు, పదకొండు వీడియోలు. ఎవల్నన్నా కళ్లల్ల కళ్లు పెట్టి ఏడు సెకన్లు చూడాలె, రెప్ప కొట్టొద్దు, పెదవి ఒక పక్కకే లేపి నవ్వాలె అని పాఠం. నేను మిర్యాలగూడల ఉండే మా అక్క మీద వీడియో కాల్‌ల పరీక్ష చేసిన. నాలుగో సెకనుకే అన్నది: "ఏందిరా అట్ల చూస్తున్నవ్? కట్నం లెక్కపెట్టినట్టున్నది. పన్ను గిట్ల నొస్తుందా?" నచ్చకపోతే వారంల పైసలు వాపస్ అని రాసిండ్రు. ఆరు మెయిళ్లు పెట్టినంక, ఇరవై మూడో రోజు సగం వచ్చినయ్. తక్కిన సగం వదిలేసిన.

తర్వాత నేనే సొంతంగ సినిమాల ముక్కలు చూసుడు మొదలుపెట్టిన. 450 పెట్టి ఫోన్ స్టాండు కొన్న. హీరో చేసింది చూసి, నేను అదే చేసి, రికార్డు చేసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుడు. అందరు చేసే పనే చేసిన: ఎంట్రీ సీన్లు, నడిచొచ్చే సీన్లు ఏరుకున్న. పదిహేను రోజులు నడక మీదనే పోయినయ్. ఎంత నడిచినా బస్సు అందుకోవడానికి పోతున్నట్టే ఉంటది గని ఆ రాజసం రాదు. ఎందుకు రాదో ఒక రాత్రి ఫోన్‌ల స్లో మోషన్ నొక్కితే తెలిసింది. సినిమా సెకనుకు 24 బొమ్మలతోటి ఆడుతది. 96 బొమ్మలతోటి తీసి 24తోటి ఆడిస్తే నడక నాలుగింతలు నెమ్మదైతది. చెయ్యి ఊపు, చొక్కా కదులుడు, జుట్టు ఎగురుడు అన్నీ నిదానమైతయ్. ఫోన్‌ల తీసుకుంటే నేను గూడ హీరో లెక్కనే ఉన్న. మా గల్లీ కుక్క గూడ హీరో లెక్కనే ఉన్నది. నడకను అక్కడికి బంద్ పెట్టిన.

గొంతు కథ గూడ అంతే. హీరో మెల్లగ గొణిగినా బరువుగ వినపడుతది. మన సినిమాలల్ల మాట ఎక్కువగ డబ్బింగ్ గదిల, మైకు మూతి దగ్గర పెట్టి చెప్పిందే. వెనుక ఫ్యాను మోత లేదు, కుక్కర్ విజిల్ లేదు. అదే గొంతు నేను మా ఇంట్ల పెడితే మా అమ్మ మూడుసార్లు "ఆఁ?" అన్నది. ఇగ చూపు సంగతి: క్లోజప్‌ల నటుడు చూసేది చాలాసార్లు కెమెరా పక్కన చెప్పిన చోటును. అక్కడ మనిషి ఉండనే అక్కర్లేదు. మనిషి ముఖాన్ని అట్ల చూస్తే అది చూపు కాదు, నిలదీసుడు. నేను లెక్కపెట్టుకున్న దాని ప్రకారం మామూలు ముచ్చట్ల మూడు సెకన్లు చూసి, ఒకసారి పక్కకు తిప్పి, మళ్ల చూస్తే ఎవలకూ ఇబ్బంది ఉండదు. తిప్పేటప్పుడు పక్కకు తిప్పాలె. కిందికి తిప్పితే భయపడుతున్నట్టు, ఫోన్ దిక్కు తిప్పితే ఇష్టం లేనట్టు.

సెప్టెంబర్ అయిపోయేసరికి నా దగ్గర 140 వీడియోలు, ఒక్కటి గూడ ఎవలకూ చూపించుకోలేని తీరుల.

దారి మారింది బతుకమ్మ సెలవులల్ల. మా అక్క ఇంటికొచ్చింది. సద్దుల బతుకమ్మ అక్టోబర్ 10. అంతకు రెండు రోజుల ముందు తంగేడుపూలు కట్టలు కడుతూ నా ఫోన్‌ల ఆడుతున్న సీను చూసింది. ఒక్క మాట అన్నది: "నువ్వు హీరోనే చూస్తున్నవ్. నేను హీరోయిన్‌ను చూస్తున్న. ఆమె నవ్వింది కాబట్టి వాడు చెప్పింది బాగుందనిపిస్తుంది." ఆ రోజు రాత్రి అదే సీను మూట్‌ల పెట్టి, ఆమె ముఖమే చూసిన. నిజమే. హీరో మాట అనంగనే కెమెరా ఆమె మీదికి పోతది, ఆమె కళ్లల్ల మెరుపు చూపిస్తది, వెనుక వీణ మోగుతది. మనం మెచ్చుకునే గొప్పతనంల సగం ఆమె నటన. పైగా ఆమె జవాబు ముందే కాగితం మీద రాసి ఉంటది. నాకు పెళ్లిచూపులల్ల జవాబు ఎవలూ రాసి ఇయ్యరు.

అప్పటి నుంచి పద్ధతి ఇది. ఒక్కో సీను మూడుసార్లు. మొదటిసారి మూట్‌ల, ఆమె ముఖం చూసుకుంట: ఎక్కడ బిగుసుకుంది, ఎక్కడ వదులైంది. రెండోసారి కళ్లు మూసుకొని మాట మాత్రమే: ఆమె మాట అయిపోయినంక ఆయన ఎంత ఆగి మొదలుపెట్టిండు. మూడోసారి మామూలుగ. 60 రూపాయల లాంగ్ నోట్‌బుక్‌ల మూడు గీతలు కొట్టి, ఆమె ఏమన్నది, ఆయన ఏం చేసిండు, ఏమన్నడు అని రాసుడు. ఒక సీనుకు నలభై నిమిషాలు పడుతది, వారానికి నాలుగు కంటే ఎక్కువ కావు. మొదటి వారంల దొరికిన ముక్క ఒక్కటే, గని కోర్సు మొత్తానికి సమానం: మనసుకు నచ్చే పాత్రలన్నీ ఎదుటి మాట అయిపోయినంక ఒక ఊపిరి తీసుకునేంత ఆగుతయ్. నా రికార్డింగులు తీసి వింటే, నేను ఎదుటోళ్ల మాట చివరి ముక్క మీదనే ఎక్కుతున్న.

పాత్రలను ముగ్గురికి కుదించుకున్న. "మిస్సమ్మ" (1955)ల ఎన్టీఆర్ చేసిన రావు. నౌకరి కోసం మొగుడు పెళ్లాల లెక్క నటించే కథ. సావిత్రి పాత్ర మేరీ మాటకు ముందు కోపానికి వస్తది. ఈయన ఆ కోపాన్ని వాపస్ ఇయ్యడు, భుజాలు బిగియ్యవు, కూసున్న తీరు మారదు. మాట పడ్డప్పుడు ఒళ్లు ఎట్ల ఉండాలె అన్నది ఆయన దగ్గరనే నేర్వాలె. రెండో ఆయన "నువ్వు నాకు నచ్చావ్" (2001)ల వెంకటేష్. ఈయన నడిపించేది నవ్వుతోటి, ఎక్కువసార్లు తన మీదనే. ఇంకో సంగతి, ఇంట్ల చిన్నపిల్ల, పెద్దమనిషి, అందరూ ఆయనతోటి కలిసిపోతరు. పెళ్లిచూపులకు పోతే మనం మాట్లాడేది పది నిమిషాలు పిల్లతోటి, గంటన్నర ఇంటిల్లిపాదితోటి. ఆ లెక్క ఈ పాత్రకు తెలిసినట్టు ఇంకోదానికి తెల్వదు.

మూడోది "పెళ్లి చూపులు" (2016). విజయ్ దేవరకొండ వాళ్ల సొంతూరు అచ్చంపేట దిక్కు తుమ్మన్‌పేట, మా పక్క పాలమూరోడని మాకు కొంచెం పక్షపాతం ఉన్నది, ఒప్పుకుంట. గని ఈ సీనును ఏరుకున్నది అందుకు కాదు. తలుపు ఇరుక్కుపోయి ఇద్దరు గదిల మిగిలిపోతరు. ఆమెకు ఏం చెయ్యాలనున్నదో ఆమె చెప్తది, ఆయన ఇంటడు. తనవి ఫెయిలైన ముచ్చట్లు దాచుకోకుండ చెప్తడు. ఇందుల కాపీ కొట్టేటానికి స్టైలు ఏమీ లేదు, అందుకే కాపీ కొట్టొచ్చు. మా తాత మాత్రం ఇవేవీ కాదంటడు. కోదాడ దగ్గరి గుడిబండల పుట్టిన కాంతారావు కత్తి పట్టినా, నారదుని తంబుర పట్టినా వెన్ను వంగేది కాదు, అది నేర్చుకోరా అంటడు. నిలబడుడు వరకు తాత మాటే పట్టుకున్న.

పనికిరావని పక్కన పెట్టినవి గూడ చెప్పాలె. ఆమె వద్దంటున్నా వెంటపడి, బస్టాండు దాక, కాలేజీ దాక పోయి, ఆఖరుకు ఒప్పించే పాత్రలు ఎన్ని ఉన్నయో లెక్కలేదు. "అర్జున్ రెడ్డి" (2017)ల హీరో అడగకుండనే ముద్దు పెట్టి, ఈమె నాది అని కాలేజీల చాటింపు ఏస్తడు. హాల్ల ఈలలు పడ్డయ్. బయట అట్ల చేస్తే పోలీసుల షీ టీమ్ వస్తది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితల సెక్షన్ 78 ఉన్నది: ఇష్టం లేదని తెలిసినా మళ్ల మళ్ల వెంటపడినా, ఫోన్‌ల, మెసేజ్‌ల సతాయించినా మొదటిసారి మూడేండ్ల దాక, మళ్ల చేస్తే ఐదేండ్ల దాక జైలు. నేను మెసేజ్ విషయంల పెట్టుకున్న నియమం: ఒకటి పెట్టిన్నా, జవాబు రాలేదా, రెండోది లేదు. రాకపోవుడే జవాబు.

నవంబర్, డిసెంబర్ రెండు నెలలు గొంతు, మాట. పొద్దుగాల పది నిమిషాలు పేపరు బయటికి చదువుడు. ఫోన్‌ను ఆరడుగుల దూరంల, తలుపు దగ్గర పెట్టి రికార్డు చేసుడు. ఎందుకు ఆరడుగులంటే మన ఇండ్లల్ల రెండు కుర్చీల నడుమ ఉండే దూరం అంతే. విన్నప్పుడు బయటపడ్డ రోగం ఇది: వాక్యం చివరి ముక్క మింగేస్తున్న. తెలుగుల అసలు సంగతి చివర్ననే ఉంటది. "నేను రేపు హైదరాబాద్ పో..." అని మింగితే పోతనా, పోనా, పోవాల్నా ఎదుటోళ్లకు తెల్వదు. వాళ్లు "ఆఁ?" అంటరు, మనకు భయమైతది, రెండోసారి ఇంకా మెల్లగ అంటం. దీనికి మందు చివరి క్రియను నొక్కి చెప్పుడు. మూడు వారాలు పట్టింది.

ఇంకో తప్పు యాస. సినిమాలు చూసి చూసి నాకు తెల్వకుండనే "అండీ, చూడండీ, ఏవండీ" వచ్చేసింది. ఆఫీసుల ఒక అన్న అడిగిండు: "ఏం తమ్మీ, గోదావరి జిల్లాకు ఇల్లరికం పోతున్నవా?" సొంత యాసల నెమ్మదిగ మాట్లాడుడే మేలు. "మీరు" మాత్రం వదలొద్దు. హీరోలు రెండో మాటకే "నువ్వు" అంటరు. మన దగ్గర ఆమె అనేదాక మనం అనరాదు.

ఇగ ఎవల మీద సాధన చెయ్యాలె? ఆడపిల్లల మీద కాదు. అది పద్ధతి గూడ కాదు, పైగా భయంతోటి ఏమీ రాదు. నేను చాయ్ బండి, కిరాణం, బస్సు కండక్టర్, బ్యాంకుల క్యూ, అపార్టుమెంటు వాచ్‌మన్ పెద్దమ్మ, ఇట్ల వారానికి ఇరవై ముచ్చట్లు అని పెట్టుకున్న. ఒక్కటే నియమం: నా తర్వాతి ప్రశ్న వాళ్ల జవాబుల నుంచే రావాలె. మా నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ కాక గుడ్డల నుంచి చాయ్ వడగడుతూ, "ఇయ్యాల పాలు లేటు వచ్చినయ్" అన్నడు. పాత నేనైతే "చక్కెర తక్కువ" అనేటోన్ని. ఒక ఊపిరి ఆగి, "ఎందుకు కాకా?" అన్న. కాక గుడ్డ పిండుడు ఆపిండు. పాలోని బర్రె ఈనింది, దూడ నిలబడుతలేదు, తెల్లారేదాక పశువుల డాక్టర్ కోసం చూసిండ్రట. ఆరు నిమిషాలు చెప్పిండు. చాయ్ పైసలు తీసుకోలేదు, నేను బలవంతంగ గల్లల ఏసిన.

ఇందుల గూడ బెడిసికొట్టేది ఉన్నది. వరుసగ మూడు ప్రశ్నలు అడిగితే అది పోలీసు విచారణ. బ్యాంకుల ఒకాయన "నీకెందుకయ్యా ఇవన్నీ?" అన్నడు. రెండు ప్రశ్నలకు మన దిక్కు నుంచి ఒక ముచ్చట చెప్పాలె, చిన్నది. జోకులు ముందే తయారు చేసుకొని పోతే చస్తయ్. సినిమాల పంచ్‌కు ముందు ఎదుటోడు సరిగ్గ దానికి తగ్గ మాటే అందిస్తడు. బయట ఎవలూ అందియ్యరు. జోకు మన మీద ఏసుకుంటే తప్పినా నష్టం లేదు. పిల్ల తమ్ముని మీద, మేనమామ మీద ఏస్తే సంబంధం అక్కడికక్కడే పోతది.

సంక్రాంతికి అంతా సిద్ధమే గని పుష్యమాసం అడ్డమొచ్చింది, శుభకార్యాలు లేవు. నెల ఖాళీ. అప్పుడు ఒంటి మీద పడ్డ. పండ్లు క్లీనింగ్ 800. చొక్కా కొత్తది కొనలేదు, ఉన్న రెండింటిని ప్రకాశం బజార్‌ల టైలర్‌కు ఇచ్చి భుజం కుట్టు ఎక్కించుకున్న, 80 చొప్పున 160. భుజం కుట్టు చేతి మీదికి జారితే ఎంత ఖరీదు చొక్కా అయినా అన్న చొక్కా తొడుక్కున్నట్టే ఉంటది. కటింగ్ 120, రెండు రోజుల ముందు చేయించుకోవాలె. అదే రోజు చేయిస్తే మెడ వెనుక తెల్ల గీత కొట్టొచ్చినట్టు కనపడుతది. అత్తరు 150. తెరమీద వాసన రాదు కాబట్టి ఈ పాఠం ఏ హీరో చెప్పడు: తలుపులు మూసిన గదిల పది మంది నడుమ రెండు చుక్కలు గూడ ఎక్కువే. గంట ముందు ఒక్క చుక్క చాలు. మొదటిసారి రాసుకుంటే మా నాయిన వరుసగ తుమ్మిండు. బూట్ల మీద పైసలు పెట్టొద్దు, గడప బయటనే విడిచేస్తం. ఇంట్లోళ్లు చూసేది సాక్సు. కొత్త జత 90.

ఫిబ్రవరి 9, ఆదివారం, నకిరేకల్ దిక్కు ఒక ఊరు. ఇంట్ల పద్నాలుగు మంది. అమ్మమ్మ ముందు మోకాళ్ల నొప్పుల ముచ్చట, పిల్ల తమ్మునితోటి క్రికెట్, ఇది వెంకటేష్ పాఠం, సాఫీగ నడిచింది. తర్వాత డాబా మీదికి పంపిండ్రు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగ ఏసిండ్రు, ఇంటర్వ్యూకు ఏసినట్టు. మూట్‌ల చూసినప్పుడు రాసుకున్న: మనసు విప్పి మాట్లాడుకునే సీన్లల్ల ఇద్దరు ఎదురెదురుగ ఉండుడు తక్కువ, పక్కపక్కన లేదా ఏటవాలుగ ఉంటరు. నా కుర్చీ కొంచెం తిప్పుకున్న. ఆమె ప్రైవేటు బడిల నాలుగో తరగతికి చెప్తదట. ఒక ఊపిరి ఆగి, "అందరికంటె ఎక్కువ సతాయించేటోడు ఎవ్వడు?" అన్న. ఆమె మొదటిసారి నా దిక్కు సరిగ్గ చూసింది. రోజు ఒక్క చెప్పుతోటే బడికి వచ్చే పోరని గురించి చెప్తుంది.

నడుమల కింద ఎవలో మోటర్ ఏసిండ్రు. నా బరువు గొంతు దాని మోతల కొట్టుకపోయింది. ఆ తర్వాత ట్యాంకు నిండి పొర్లింది, నీళ్లు కుర్చీల కిందికి వచ్చినయ్. ఆమె పిట్టగోడ మీద వంగి "అమ్మా, మోటర్ బంద్ చెయ్!" అని ఒర్లింది. నేను కాళ్లు పైకి లేపేసరికే 90 రూపాయల సాక్సు నానిపోయినయ్. సినిమాల తలుపు ఇరుక్కుంటే మాకు ట్యాంకు పొర్లింది. సాక్సు ఇప్పి పిట్టగోడ మీద ఆరేసిన. ఆమె ఆపుకోలేక నవ్వింది. దీనికి నేను సాధన చెయ్యలేదు.

జవాబుకు పదకొండు రోజులు పట్టింది. ఆరో రోజు నుంచి ఫోన్ చెయ్యమని మా ఇంట్ల ఒకటే పోరు. చెయ్యలేదు, నా నియమం నాకున్నది. ఫిబ్రవరి 20న పేరయ్య చెప్పిండు: పిల్ల ఇంకోసారి మాట్లాడుతదట. శివరాత్రి రద్దీ పోయినంక, మార్చి 2న పానగల్ ఉదయసముద్రం చెరువు కట్ట మీద కలిసినం. వాళ్ల తమ్ముడు ఇరవై గజాల దూరంల మక్క కంకి తినుకుంట కూసున్నడు. ఆ రోజు ఎట్ల అనిపించిందని అడిగిన. "మీరు ప్రతి మాటకు ముందు ఆగి ఆగి మాట్లాడుతుంటే, ఒంట్ల బాగలేదేమో అనుకున్న" అన్నది. నాలుగు నెలలు కష్టపడి నేర్చుకున్న ఊపిరి అది! ఇంటికొచ్చి నోట్‌బుక్‌ల రాసుకున్న: అరడజను మాటలకు ఒకసారి ఆగితే చాలు.

వాపస్ వచ్చిన సగం తీసేస్తే మొత్తం ఖర్చు 2,830 రూపాయల దాక అయింది. ఇరుపక్కల పెద్దలు ఉగాది తర్వాత కూసుంటమన్నరు. స్టాండు మా అక్క కొడుకు తీసుకపోయిండు. పేపరు చదువుడు మాత్రం ఆగలేదు, ఎందుకంటే మా నాయిన ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకునుడు మానేసి, చాయ్ పట్టుకొని వచ్చి నా ముందు కూసుంటుండు. చివరి ముక్క మింగితే "ఆఁ?" అంటడు.